సువార్త వినని వారికీ నరకమేనా? సెంటినల్ తీరంలో ఒక మరణం, రెండు వేల ఏళ్ల వాదన

2018 నవంబరు 15 ఉదయం జాన్ అలెన్ చౌ అనే 26 ఏళ్ల అమెరికన్ చిన్న కయాక్‌లో ఉత్తర సెంటినల్ ద్వీపం వైపు వెళ్లారు. చేతిలో కానుకగా ఇవ్వడానికి చేపలు, వెంట నీటికి తడవని బైబిలు. తీరంలో కనిపించిన వారితో తాను వారిని ప్రేమిస్తున్నానని, యేసు కూడా ప్రేమిస్తున్నాడని గట్టిగా ఇంగ్లిష్‌లో చెప్పారు. ఆ భాష వారికి తెలియదు. వారి భాష ఆయనకే కాదు, బయటి ప్రపంచంలో ఎవరికీ తెలియదు. ఆ రోజు ఒక బాలుడు వేసిన బాణం బైబిలుకు తగిలింది. చౌ ఈదుకుంటూ జాలర్ల పడవ దగ్గరికి తిరిగొచ్చారు. మరుసటి రోజు మళ్లీ వెళ్లారు. నవంబరు 17 ఉదయం ఆయన మృతదేహాన్ని ద్వీపవాసులు ఇసుకలో ఈడ్చుకెళ్లడం జాలర్లు దూరం నుంచి చూశారు.

ఆయన జాలర్ల చేతికిచ్చిన డైరీ పేజీలు తర్వాత బయటికొచ్చాయి. తన పేరు వినే అవకాశం కూడా ఎవరికీ దక్కని ఈ ద్వీపం సాతాను ఆఖరి కోటేమో అని అందులో దేవుణ్ని అడిగారు. తనను చంపితే వారి మీద గానీ దేవుడి మీద గానీ కోపం పెట్టుకోవద్దని కుటుంబానికి రాశారు.

ఈ ఘటన మీద వార్తలు చాలా వచ్చాయి. చట్టం ఉల్లంఘన, వలసవాద మనస్తత్వం, పిచ్చి సాహసం, అమరత్వం అంటూ ఎవరి వైపు నుంచి వారు రాశారు. అన్నిటి అడుగునా ఉన్న మతపరమైన ప్రశ్నను మాత్రం పెద్దగా ఎవరూ తాకలేదు. యేసు పేరే వినకుండా చనిపోయే మనిషి ఏమవుతాడు? దేవుడు అందరికీ తండ్రే అయితే, తన గురించి తెలిసే వీలే లేని బిడ్డను అంతులేని శిక్షకు పంపుతాడా? చౌ తొందర అర్థం కావాలంటే ఈ ప్రశ్నకు ఆయన నమ్మిన జవాబు ఏమిటో తెలియాలి. క్రైస్తవంలో ఉన్నది ఆ ఒక్క జవాబే కాదని కూడా తెలియాలి.

తొందర ఎక్కడి నుంచి వచ్చింది?

చౌ ఒక్క పూటలో ఆవేశపడి బయల్దేరిన మనిషి కాదు. ఓక్లహోమా రాష్ట్రంలోని టల్సాలో ఉన్న ఓరల్ రాబర్ట్స్ యూనివర్సిటీలో చదివారు. కాన్సాస్ సిటీ కేంద్రంగా పనిచేసే ఆల్ నేషన్స్ అనే మిషనరీ సంస్థలో శిక్షణ పొందారు. టీకాలు వేయించుకున్నారు. పోర్ట్ బ్లెయిర్‌లో (2024 నుంచి శ్రీ విజయపురం) కొన్ని రోజులు ఎవరినీ కలవకుండా గడిపారు. జాలర్లకు 25 వేల రూపాయలు ఇచ్చి రాత్రివేళ బయల్దేరారు. ద్వీపం చుట్టూ ఐదు నాటికల్ మైళ్ల వరకు వెళ్లడం నిషేధం, ఆ సంగతి ఆయనకు తెలుసు.

ఈ ప్రయాణం వెనుక యాభై ఏళ్ల ఆలోచనా ధార ఉంది. 1974లో స్విట్జర్లాండ్‌లోని లొసాన్‌లో జరిగిన ప్రపంచ సువార్త మహాసభలో రాల్ఫ్ వింటర్ అనే అమెరికన్ మిషనరీ పండితుడు లెక్క మార్చారు. దేశాలను కాదు, జాతులను లెక్కించాలన్నారు. ప్రతి దేశంలోనూ చర్చిలు ఉండొచ్చు, అయినా ఒక్క విశ్వాసి కూడా లేని జాతులు వేలల్లో ఉన్నాయన్నది ఆయన వాదన. ఆ తర్వాత ‘సువార్త అందని జాతులు’ అన్న మాట మిషనరీ ప్రపంచంలో పటం మీద గుర్తుగా, జాబితాగా, లక్ష్యంగా మారింది. అలాంటి జాబితాల్లో సెంటినలీస్ పేరుకు ప్రత్యేక ఆకర్షణ ఉంటుంది. మనుషులు అతి తక్కువ, దూరం అతి ఎక్కువ.

ఆ జాబితాకు అంత ఒత్తిడి ఎక్కడిదంటే నరకం నుంచే. వినకుండా చనిపోయిన ప్రతి ఒక్కరూ నిత్యశిక్షకు పోతారని నిజంగా నమ్మేవాడికి ఆలస్యమే పాపంగా కనిపిస్తుంది. ఐదు నాటికల్ మైళ్ల చట్టం చాలా చిన్న విషయంగా తోస్తుంది. చౌను తప్పుపట్టిన క్రైస్తవుల్లో చాలామంది ఆయన పద్ధతినే తప్పుపట్టారు, ఆయన లెక్కను కాదు. లెక్క ఒప్పుకున్నాక పద్ధతిని తప్పుపట్టడం అంత సులువు కాదు.

తండ్రి, అగ్ని: ఒకే గ్రంథంలో రెండూ

తెలుగు చర్చిల్లో అతి ఎక్కువగా వినిపించే కథల్లో తప్పిపోయిన కుమారుడి ఉపమానం ఒకటి. లూకా సువార్త 15వ అధ్యాయంలో ఉంది. ఆస్తి పంచుకుపోయి తగలేసిన కొడుకు తిరిగొస్తుంటే తండ్రి దూరం నుంచే చూసి పరుగెత్తుకెళ్తాడు. కొడుకు సిద్ధం చేసుకున్న క్షమాపణ పూర్తయ్యే దాకా కూడా ఆగడు. షరతులు లేని ప్రేమకు ఇంతకన్నా స్పష్టమైన బొమ్మ ఏ మతగ్రంథంలోనైనా అరుదు.

అదే యేసు మత్తయి సువార్త 25వ అధ్యాయం చివర నీతిమంతులు నిత్యజీవానికి, తక్కినవారు నిత్యశిక్షకు పోతారని అంటాడు. రెండిటికీ ముందున్న ‘నిత్య’ గ్రీకు మూలంలో ఒకే మాట, ‘అయోనియోస్’. యుగం అనే అర్థమున్న ‘అయోన్’ నుంచి వచ్చింది. అది అంతులేని కాలమా, రాబోయే యుగానికి సంబంధించినదా అన్న దగ్గర వాదన మొదలవుతుంది. తెలుగు బైబిలు చదివేవారికి ఈ చిక్కు కనబడదు. మన భాషలో ‘నిత్య’ అన్నాక ఇక సందేహానికి చోటుండదు. ‘నరకము’ అన్న మాటా అంతే. మూలంలో చాలాచోట్ల ఉన్నది ‘గెహెన్నా’, యెరూషలేము పక్కనున్న హిన్నోము లోయ పేరు. తెలుగులోకి వచ్చేసరికి దానికి యమలోకపు నీడ కూడా తోడైంది.

మూడో శతాబ్దంలో అలెగ్జాండ్రియాకు చెందిన ఒరిజెన్ ఆ అగ్నిని వైద్యుడి చేతిలోని కత్తిలా చూశారు. శిక్ష బాగుచేయడానికే, చివరికి అందరూ దేవుణ్ని చేరతారన్న ఆశ ఆయనది. నాలుగో శతాబ్దంలో నిస్సాకు చెందిన గ్రెగొరీ కూడా దాదాపు ఇదే చెప్పారు, ఆయన్ను చర్చి నేటికీ పునీతుడిగానే గౌరవిస్తుంది. ఒరిజెన్ బోధలకు మాత్రం ఆరో శతాబ్దంలో జస్టీనియన్ చక్రవర్తి హయాంలో ఖండన ఎదురైంది. పాశ్చాత్య క్రైస్తవానికి దారి వేసినవారు అగస్టీన్. ‘దేవుని నగరం’ 21వ పుస్తకంలో ఆయన వాదన సూటిగా ఉంటుంది. ఒకే వాక్యంలో జీవానికీ శిక్షకూ ఒకే విశేషణం వాడినప్పుడు ఒకటి అంతులేనిది, రెండోది అంతమయ్యేది అనడం కుదరదు. నరకం శాశ్వతం కాదనే క్రైస్తవులు తన కాలంలో చాలామందే ఉన్నారని ఆయన రాతల వల్లే తెలుస్తుంది. వారిని కాస్త ఎగతాళిగా ‘దయామయులు’ అన్నారు.

తెలుగువారికి ఈ చర్చ అంత పరాయిదేమీ కాదు. గరుడ పురాణం నరకాలను భయంకరంగా వర్ణిస్తుంది, కానీ అవి కర్మఫలం అనుభవించి బయటపడే చోట్లు. దీనికి మినహాయింపు మధ్వాచార్యులు. కొందరు జీవులు స్వభావరీత్యా అంధతమస్సుకే చెందుతారని, అక్కడి నుంచి తిరిగి రారని ద్వైతం చెబుతుంది. ఇక శ్రీవైష్ణవుల్లో మర్కట కిశోర న్యాయం, మార్జాల కిశోర న్యాయం అన్న పాత తగాదా ఉండనే ఉంది. కోతిపిల్ల తల్లిని తనే గట్టిగా పట్టుకోవాలి, పిల్లికూనను తల్లే నోట కరుచుకుపోతుంది. రక్షణలో జీవుడి వంతు ఎంత అన్న ప్రశ్న క్రైస్తవులకూ అదే. అయితే సెంటినల్ ద్వీపవాసి విషయం ఇంకో మెట్టు ముందుంది. ఇక్కడ పిల్లకు తల్లి ఒకతి ఉందన్న సంగతే తెలియదు.

పూర్వీకుల మాటేమిటి?

వినని వారి ప్రశ్న సెమినరీల్లో పుట్టింది కాదు. సువార్త ఎక్కడికి వెళ్తే అక్కడ విన్నవాళ్లే దాన్ని అడిగారు. 1552లో ఫ్రాన్సిస్ జేవియర్ జపాన్ అనుభవం గురించి రాసిన లేఖలో ఇది కనిపిస్తుంది. కొత్తగా మతంలోకి వచ్చినవారు, చనిపోయిన తమ తల్లిదండ్రులు, బిడ్డలు నరకంలోనే ఉంటారా, వారిని విడిపించే దారి లేదా అని అడిగారు. లేదని ఆయన చెప్పారు. వారు ఏడ్చారు. తనకూ బాధ కలిగిందని జేవియర్ రాశారు, జవాబు మాత్రం మార్చుకోలేదు.

జవాబు మారడానికి నాలుగు వందల ఏళ్లు పట్టింది. 1964లో రెండో వాటికన్ మహాసభ ఆమోదించిన ‘లూమెన్ జెంత్సియుమ్’ పత్రం, తమ తప్పేమీ లేకుండా సువార్త తెలియనివారు అంతరాత్మ చెప్పినట్టు నడుచుకుని దేవుణ్ని వెతికితే రక్షణ పొందగలరని చెప్పింది. అలాంటివారిని జర్మన్ జెసూట్ పండితుడు కార్ల్ రానర్ ‘పేరు లేని క్రైస్తవులు’ అన్నారు. మాట మంచి ఉద్దేశంతో అన్నదే, కానీ ఇతర మతస్తులకు అడగకుండా తగిలించిన చీటీలా ఉంటుంది. బాప్తిస్మం లేకుండా చనిపోయిన పసిపిల్లలు రక్షణ పొందుతారని ఆశించడానికి బలమైన కారణాలున్నాయని 2007లో వాటికన్‌కు చెందిన వేదాంత సంఘం పత్రం విడుదల చేసింది.

చౌ పెరిగిన ఇవాంజెలికల్ ప్రపంచానికి కేంద్ర అధికారం లేదు కాబట్టి అక్కడ ఒక్క పత్రంతో తేలే విషయం కాదిది. రోమా పత్రిక 10వ అధ్యాయం చూపించి, ప్రకటించేవాడు లేకుండా ఎలా వింటారు అన్న ప్రశ్న దగ్గర నిలబడేవారు ఒకవైపు. అదే పత్రిక 2వ అధ్యాయంలో ధర్మశాస్త్రం తెలియనివారి హృదయంలో రాసి ఉన్న ధర్మం గురించి చెప్పిన మాటలు చూపేవారు ఇంకోవైపు. యజమాని ఇష్టం తెలియక తప్పు చేసిన దాసుడికి తక్కువ దెబ్బలేనని లూకా 12వ అధ్యాయంలో యేసే అన్నాడని గుర్తుచేసేవారూ ఉన్నారు. లొసాన్ ఒడంబడిక రచనకు నాయకత్వం వహించిన ఆంగ్లికన్ పండితుడు జాన్ స్టాట్, 1988లో దుష్టులు అంతులేకుండా బాధపడటం కన్నా పూర్తిగా లేకుండా పోతారన్న అభిప్రాయం వైపు మొగ్గుతున్నట్టు జంకుతూనే చెప్పారు. ఆ మాత్రానికే ఆయన మీద తీవ్ర విమర్శలు వచ్చాయి.

ఈ జవాబులన్నిటికీ ఒక మొండి చిక్కు ఉంది. వినకపోతే తప్పు లేదనుకుంటే, వినిపించడం వల్ల వారికి కొత్త ప్రమాదం తెచ్చిపెట్టినట్టే కదా? విని కాదన్నవారు దోషులవుతారు, అసలు వినకపోతే కారు. వినకపోవడమే శిక్షకు కారణమైతే, ఒక చిన్న ద్వీపంలో అరవై వేల ఏళ్ల నాటి వలసల సంతతిగా పుట్టడమే నేరమవుతుంది. మొదటిది మిషనరీ పనిని అర్థం లేనిదిగా చేస్తుంది, రెండోది తండ్రి అన్న మాటను.

ఒకే యూనివర్సిటీ, రెండు దారులు

చౌ చదివిన యూనివర్సిటీలోనే అంతకు నాలుగు దశాబ్దాల ముందు కార్ల్‌టన్ పియర్సన్ చదివారు. వ్యవస్థాపకుడు ఓరల్ రాబర్ట్స్‌కు ఆయన ప్రియశిష్యుడు. టల్సాలో వేల మంది సభ్యులున్న పెంతెకొస్తు చర్చిని నడిపారు. 1990లలో ఒక సాయంత్రం టీవీలో రువాండా మారణహోమం శరణార్థులను చూస్తూ, ఆకలితో చస్తున్న ఈ పిల్లలంతా యేసును నమ్మలేదు కనుక నేరుగా నరకానికే పోతారు అన్న ఆలోచన దగ్గర ఆగిపోయారు. అప్పుడే తన నమ్మకం విరిగిందని ఆయన తర్వాత చాలాసార్లు చెప్పారు. నరకం మనుషులు ఒకరికొకరు ఇక్కడే సృష్టించుకునేదని, దేవుడు అందరినీ చేర్చుకుంటాడని బోధించడం మొదలుపెట్టారు. సభ్యులు వెళ్లిపోయారు. చర్చి భవనం చేజారింది. 2004లో ఆఫ్రికన్ అమెరికన్ పెంతెకొస్తు బిషప్పుల మండలి ఆయన్ను మతవిరోధిగా ప్రకటించింది. ఆయన కథతో తీసిన ‘కమ్ సండే’ సినిమా 2018 ఏప్రిల్‌లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. చౌ సెంటినల్ వెళ్లింది అదే ఏడాది నవంబరులో.

ఇద్దరూ ఒకే సిద్ధాంతాన్ని చివరిదాకా తీసుకెళ్లి చూశారు. ఎవరూ వెళ్లని చోటికి తాను వెళ్లాలి అన్నది చౌకు దొరికిన ముగింపు. ఈ సిద్ధాంతమే తప్పయి ఉండాలి అన్నది పియర్సన్‌కు దొరికిన ముగింపు. చాలామంది విశ్వాసులు ఈ రెండిటికీ మధ్యలో, సిద్ధాంతాన్ని ఒప్పుకుంటూనే దాని గురించి ఎక్కువ ఆలోచించకుండా బతుకుతారు.

అండమాన్‌లో ముందే ఉన్న నరకం

సెంటినలీస్ నమ్మకాలు బయటి ప్రపంచానికి తెలియవు. కానీ దక్షిణ అండమాన్‌లో ఉండిన ఆకా-బేయా ప్రజల విశ్వాసాలను ఎడ్వర్డ్ హొరేస్ మాన్ అనే బ్రిటిష్ అధికారి నమోదు చేశారు. 1880ల మొదట్లో ప్రచురించిన ఆ వివరాల ప్రకారం వారికి పులుగా అనే సృష్టికర్త ఉన్నాడు. పగటివేళ మనుషుల మనసులో మాట కూడా ఆయనకు తెలుస్తుంది. బాధలో ఉన్నవారి మీద జాలి పడతాడు. అబద్ధం, దొంగతనం, హత్యతోపాటు తేనెమైనం కాల్చడం కూడా ఆయనకు కోపం తెప్పిస్తుంది. చెడ్డవారి ఆత్మలు పోయే చోటు కూడా ఒకటి ఉంది. అది నిప్పుల గుండం కాదు, చలి చోటు. అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది చివరి మాట. లోకం కొత్తదైనప్పుడు ఆ చెడ్డవారు కూడా శిక్ష వల్ల బాగుపడి అందరితో కలిసి బతుకుతారు. ఒరిజెన్ పేరు విననివారి నోట దాదాపు ఒరిజెన్ మాటే.

ఇంత చక్కగా కుదిరిన పోలికను అనుమానించినవారూ ఉన్నారు. 1906-08 మధ్య అండమాన్‌లో పరిశోధన చేసిన రాడ్‌క్లిఫ్-బ్రౌన్, మాన్ వివరణల్లో క్రైస్తవ కళ్లద్దాలు కనిపిస్తున్నాయన్నారు. ఆయన చూపులో పులుగా అంటే ముఖ్యంగా రుతుపవనాలకు, తుఫానులకు సంబంధించిన దైవశక్తి. ఆస్ట్రియాలో పనిచేసిన కేథలిక్ పూజారి, మానవ శాస్త్రవేత్త విల్‌హెల్మ్ ష్మిట్ దీన్ని ఒప్పుకోలేదు. మానవజాతి తొలినాళ్లలోనే ఒక్క దేవుడి నమ్మకం ఉందనడానికి పులుగా సాక్ష్యమని వాదించారు. లండన్ పత్రికల్లో పులుగా ఎవరన్నది తేల్చుకుంటున్న ఆ రోజుల్లోనే ఇక్కడ ఆ దేవుణ్ని కొలిచేవారు అంతరించిపోతున్నారు.

1858లో బ్రిటిష్‌వారు శిక్షా స్థావరం పెట్టేనాటికి వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీయులు 1961 జనగణనలో 19 మంది. వారిని ‘నాగరికులు’గా మార్చడానికి 1863లో రాస్ ద్వీపంలో అండమాన్ హోమ్ ప్రారంభించినది హెన్రీ కార్బిన్ అనే చాప్లిన్. 1877లో తట్టు వ్యాపించి ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. 1880లో మారిస్ పోర్ట్‌మన్ అనే అధికారి సెంటినల్ నుంచి ఒక వృద్ధ జంటను, నలుగురు పిల్లలను పోర్ట్ బ్లెయిర్ తీసుకొచ్చారు. వెంటనే జబ్బుపడి వృద్ధులు చనిపోయారు. పిల్లలను కానుకలతో తిప్పి పంపారు. బయటివారి సాంగత్యం ఈ ప్రజలకు హాని తప్ప ఏమీ చేయలేదని పోర్ట్‌మనే తర్వాత ఒప్పుకున్నారు. చౌ టీకాలు, ఏకాంతవాసం అన్నీ ఈ చరిత్ర ముందు ఎంత చిన్నవో వేరే చెప్పక్కర్లేదు. ఆత్మను కాపాడాలని వచ్చే ఊపిరితోనే శరీరాన్ని చంపే క్రిమి రావచ్చు.

అలాగని ఈ ద్వీపాల్లో సువార్త చరిత్ర అంతా ఇదే అనడం అన్యాయం. 2011 లెక్కల్లో అండమాన్ నికోబార్ జనాభాలో క్రైస్తవులు 21 శాతం, ఒక్క నికోబార్ జిల్లాలో సుమారు 71 శాతం. 18వ శతాబ్దంలో నాన్‌కౌరీకి వచ్చిన మొరేవియన్ మిషనరీలు జ్వరాలతో చనిపోయి, మిగిలినవారు వెనుదిరిగారు. ఫలితం వచ్చింది కార్ నికోబార్‌లో. 1896లో అక్కడి మూస్ గ్రామంలో స్థిరపడిన వేదప్పన్ సాలమన్ తమిళుడు. ఏళ్ల తరబడి ఉండి, భాష నేర్చుకుని, బడి నడిపారు. ఆయన శిష్యుల్లో ఒకరైన నికోబారీ యువకుడు జాన్ రిచర్డ్‌సన్ బర్మాలో చదివి తిరిగొచ్చారు. జపాన్ ఆక్రమణ కాలంలో చిత్రహింసలు భరించారు. కొత్త నిబంధనను తన భాషలోకి అనువదించారు. 1950లో బిషప్ అయ్యారు, 1952లో ఈ ద్వీపాల తరఫున తొలి లోక్‌సభకు నామినేట్ అయ్యారు. శతాబ్దాలుగా ఓడలతో కొబ్బరి వ్యాపారం చేస్తూ బయటివారికి అలవాటుపడిన నికోబారీలు వినాలా వద్దా అన్నది తామే నిర్ణయించుకోగలిగారు. సెంటినలీస్ నిర్ణయం కూడా స్పష్టంగానే ఉంది, అది బాణాల భాషలో ఉంది.

1991 జనవరిలో మానవ శాస్త్రవేత్త మధుమాల చట్టోపాధ్యాయ ఉన్న బృందం నుంచి వారు నీళ్లలోకి దిగి కొబ్బరికాయలు అందుకున్నారు. ఆ తర్వాత కొన్నేళ్లకే ప్రభుత్వం అలాంటి ప్రయాణాలు ఆపేసింది. ఇప్పుడు అమల్లో ఉన్న విధానం దూరం నుంచి గమనించడం, జోలికి వెళ్లకపోవడం. 2011లో పడవ మీంచి లెక్కపెట్టినప్పుడు కనిపించింది 15 మంది.

కొడుకును పోగొట్టుకున్న తండ్రి

చౌ మరణం తర్వాత ఆయన కుటుంబం పేరుతో ఒక ప్రకటన వచ్చింది. చంపినవారిని క్షమిస్తున్నామని, అరెస్టయిన జాలర్లను, తమ కుమారుడి మిత్రులను విడిచిపెట్టాలని కోరింది. ప్రకటన పొట్టిది, ధోరణి పూర్తిగా సువార్త ధోరణే.

చౌ తండ్రి చెప్పింది వేరు. చైనా సాంస్కృతిక విప్లవపు రోజులు చూసి అమెరికా చేరిన మానసిక వైద్యుడు ఆయన. 2019 మొదట్లో బ్రిటన్ పత్రిక గార్డియన్ రాసిన కథనంలో, 2023లో వచ్చిన ‘ది మిషన్’ డాక్యుమెంటరీలో ఆయన మాటలు ఉన్నాయి. కొడుకు చావుకు ఆయన ద్వీపవాసులను నిందించలేదు. అతివాద క్రైస్తవమే కారణమన్నారు. ఈ విషయంలో తండ్రీకొడుకుల మధ్య చాలాకాలంగా మాట పొసగలేదు. దేవుడి ఆజ్ఞ అని కొడుకు దేన్ని నమ్మాడో, దాన్ని ఎవరో నూరిపోసిన ఊహగా తండ్రి చూశారు. కొడుకును ఆపలేకపోయారు.

చౌ శరీరం ద్వీపంలోనే ఉంది. పాతిపెట్టిన చోటు ఎక్కడో జాలర్లు చూపించారు. పోలీసులు పడవలో కొంత దూరం వెళ్లారు. తీరంలో విల్లంబులతో నిలబడినవారిని బైనాక్యులర్లలో చూసి వెనక్కి తిరిగారు. దాన్ని తీసుకురావాలని మళ్లీ ప్రయత్నించలేదు.